పుళల్ జైల్లో ప్రార్థన కూడికకు అనుమతి: దరఖాస్తు విధానం

చెన్నైలోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో జైలు పరిచర్యకు వస్తామనేవాళ్లకు కొదవ లేదు. పని ఆగేది అర్జీ దగ్గరే.

ముందు ఏ జైలో తేల్చుకోండి. పుళల్‌లో శిక్ష పడినవాళ్లకు ఒకటి, రిమాండ్ ఖైదీలకు ఒకటి, మహిళలకు ప్రత్యేకంగా ఒకటి ఉన్నాయి. వారం వారం వరుసగా వాక్యం చెప్పాలనుకుంటే మొదటిదే నయం. రిమాండ్‌లో ఈ వారం కూర్చున్నవాళ్లు పై వారానికి బెయిల్ మీద వెళ్లిపోవచ్చు. మహిళల జైలుకైతే అక్కలనే పంపండి.

అర్జీ ఆ జైలు సూపరింటెండెంట్ పేరిట, తమిళంలోనో ఇంగ్లీషులోనో రాయండి. ఒక కాపీ ఎగ్మోరులోని జైళ్ల శాఖ ప్రధాన కార్యాలయానికి పంపండి. సంఘం లెటర్‌హెడ్, రిజిస్ట్రేషన్ కాపీ, వచ్చే ప్రతి ఒక్కరి ఆధార్ కాపీ, ఫొటో జతచేయండి. తమిళనాడు పోలీసుల వెబ్‌సైట్‌లో వెరిఫికేషన్ సర్టిఫికెట్ తీసుకుని అదీ పెడితే, అడగకపోయినా నష్టం లేదు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది కార్యక్రమ వివరాల మీద. ‘దేవుని ప్రేమ పంచడానికి’ అని రాస్తే అధికారికి ఏం అర్థమవుతుంది? ఏ రోజు, ఎంతసేపు, ఎవరెవరు, గిటార్ తెస్తారా, స్పీకర్ తెస్తారా, అన్నీ రాయాలి. తెలుగు పాటల కాగితాలు, కరపత్రాలు ఉంటే ఒక్కోదాని సారాంశం తమిళంలో జతచేయండి. చదవలేని కాగితాన్ని ఏ అధికారీ లోపలికి వదలడు. ఇష్టమున్నవాళ్లే కూర్చుంటారని, ఆశ చూపి మతం మార్చబోమని, వేరే మతాన్ని కించపరచబోమని హామీ పత్రం కూడా ఇవ్వండి.

టెన్షన్ అంతా లోపలికి వెళ్లాకే. భాష తెలిసిన మనిషి కనబడగానే నెల్లూరు అబ్బాయి ఎవరో ‘అన్నా, ఈ చీటీ మా అమ్మకివ్వరా’ అంటాడు. మనసు కరుగుతుంది, కానీ తీసుకోకూడదు. రూల్స్‌కు విరుద్ధంగా నిషిద్ధ వస్తువులు లోపలికి చేరవేసినా, బయటికి తెచ్చినా, ఖైదీలతో కబుర్లు నడిపినా 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద శిక్ష పడొచ్చు. ఇంటి కబురైతే వెల్ఫేర్ ఆఫీసర్‌కు చెప్పమనండి. లాయర్ లేడంటే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ని ఇస్తారని చెప్పండి. కేసు వివరాలు మాత్రం అడగొద్దు.

క్రిస్మస్ కార్యక్రమానికైతే అక్టోబర్‌లోనే అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.