ఇంజన్ విప్పి కట్టాలా, వేరేది వేయాలా: పాత మియాటాకు సమస్య - పరిష్కారం

మొన్న చలికాలంలో డాలస్‌లో మా ఆఫీసు కుర్రాడు ఫోన్ చేశాడు. హనుమకొండ వాడు. ఎంతో ఇష్టపడి 1991 మోడల్ మాజ్డా మియాటా, అదే జపాన్ వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, కొనుక్కుని ఏడాది అయింది. "అన్నా, ఇంజన్ పోయిందని మెకానిక్‌లు అంటున్నారు. రీబిల్డ్ చేయమంటావా, వేరే ఇంజన్ వేయమంటావా అని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

"కంప్రెషన్ ఎంత వచ్చిందట?"

"అది చూళ్లేదన్నా. సౌండ్ విని చెప్పారు."

గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. వాడికి ఆ రాత్రి చెప్పినవే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. తొలితరం మియాటా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చింది. 1993 మోడల్ దాకా 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8 లీటర్లు, మొదట్లో 128. ఎంత కొత్తదైనా బండి వయసు పాతికేళ్లు దాటినట్టే. ఈ వయసులో ఏ శబ్దం వచ్చినా "ఇంజన్ పోయింది" అనేయడం తేలిక. నేను చూసిన వాటిలో సగానికి పైగా ఇంజన్ దించాల్సిన అవసరమే లేనివి.

ఏం చేసినా ముందు కొలతలు

కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి. ఆ టెస్ట్ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే చేయాలి. ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్షన్లు తీసేసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. బాగున్న 1.6 ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు 190 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దరిదాపుల్లో వస్తుంది. 135కు దిగితే అరిగిపోయినట్టు. అంకె ఎంతన్నదానికన్నా నాలుగూ సమానంగా ఉన్నాయా లేదా అన్నది నాకు ముఖ్యం. నాలుగూ 165 వస్తే బండి హాయిగా తిరుగుతుంది. మూడు 180 వచ్చి ఒకటి 120 దగ్గర ఆగితే ఆ ఒక్కదాని సంగతి తేల్చాలి.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి. పెరగకపోతే తప్పు వాల్వుల్లోనో, ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌లోనో ఉంది. ఇంకా కచ్చితంగా కావాలంటే లీక్‌డౌన్ టెస్ట్ చేయాలి. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టడమే. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్.

మూడోది ఆయిల్ ప్రెషర్. 1994 దాకా వచ్చిన మియాటాల్లో డాష్‌బోర్డు మీటర్ నిజమైన ప్రెషర్ చూపిస్తుంది. 1995 నుంచి అక్కడ వట్టి స్విచ్ పెట్టారు. ప్రెషర్ ఏదో కాస్త ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడిపోతుంది. ఆ బండ్లకు మెకానికల్ గేజ్ తగిలించి చూడాల్సిందే.

టకటక శబ్దం

పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైనుంచి సన్నగా టకటకమని, నడిచాక తగ్గిపోతే అది వాల్వుల దగ్గర సందు లేకుండా ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లది. మనవాళ్లు టాపెట్ సౌండ్ అంటారే, అదే. ఆయిల్ పాతబడినా, లిఫ్టర్లలో మడ్డి చేరినా వస్తుంది. మంచి ఆయిల్ మార్చి హైవే మీద కాసేపు తిప్పితే చాలా బండ్లలో సర్దుకుంటుంది. లేదంటే లిఫ్టర్లు తీసి శుభ్రం చేయాలి. దీనికి ఇంజన్ దించక్కర్లేదు.

కింది నుంచి బరువుగా, సుత్తితో కొట్టినట్టు వస్తూ, వేడెక్కేకొద్దీ, లోడ్ పడేకొద్దీ పెరిగితే అది పిస్టన్ కింది రాడ్‌కు ఉండే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్షనే తీసి చూడండి. ఏ సిలిండర్‌ది తీసినప్పుడు శబ్దం తగ్గుతుందో బేరింగ్ అక్కడ పోయింది. ఆయిల్ దించి వెలుతురులో చూస్తే మెరిసే రజను కనబడుతుంది. ఇక ఆ బండిని ఇంటిదాకా కూడా నడపొద్దు. టో చేయించండి.

వెనకనుంచి ఆయిల్ కారుతోంది

గేర్‌బాక్స్ కలిసే చోట తడి కనబడగానే రియర్ మెయిన్ సీల్ (ఇంజన్ వెనక కొసలో ఆయిల్ ఆపే సీల్) పోయిందని, ఎలాగూ అంతా దించాలి కాబట్టి రీబిల్డ్ చేసేద్దామని అంటారు. ఆగండి. హెడ్ వెనక భాగంలో క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని రబ్బరు ఓ-రింగ్ గట్టిపడి పగిలి, ఆయిల్ అక్కడి నుంచే కిందికి జారి సరిగ్గా ఆ సీల్ కారుతున్నట్టే కనిపిస్తుంది. ఆ రింగ్ ఖరీదు కాఫీ అంత ఉండదు. సెన్సర్ ఉన్న స్థానం మార్క్ చేసుకుని తీయండి, టైమింగ్, అంటే ప్లగ్గులో స్పార్క్ ఏ క్షణాన పడాలన్నది, దానితోనే సెట్ అవుతుంది. వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా మార్చి, వెనకంతా కడిగి, వారం తిప్పాక మళ్లీ చూడండి.

పొగ

రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వ్ స్టెమ్ సీల్స్. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ వస్తుంటే, ఆయిల్ తాగుతుంటే రింగులు. మన మెకానిక్‌లు ఇంజన్ బోరుకొచ్చింది అంటారే, ఆ స్థితి. తియ్యటి వాసనతో ఆగని తెల్ల పొగ అయితే కూలెంట్ కాలుతోంది, హెడ్ గాస్కెట్ చూడాలి. నల్ల పొగ పెట్రోల్ ఎక్కువవడం వల్ల వస్తుంది, దానికీ ఇంజన్ అరుగుదలకూ సంబంధం లేదు.

పికప్ పోయింది, టైమింగ్ నిలవడం లేదు

మా వాడి బండి జబ్బు ఇదే. 1990, 1991 తొలి నెలల బండ్లకు ప్రత్యేకంగా ఉన్న లోపం. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. ఈ బండ్లలో దాని ముందు కొస పొట్టిగా ఉంటుంది. ఆ కొస మీద టైమింగ్ పుల్లీని ఒక చిన్న కీ (గాడిలో కూర్చునే లోహపు ముక్క) పట్టుకుంటుంది. ఎవరైనా టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు బోల్ట్ సరిగ్గా బిగించకపోతే ఆ కీ గాడిలో ఆడుతూ ఆడుతూ గాడినే వెడల్పు చేసేస్తుంది. పుల్లీ వంకరగా తిరుగుతుంది, టైమింగ్ జరిగిపోతుంది, పికప్ చచ్చిపోతుంది, ముందునుంచి శబ్దం మొదలవుతుంది. బాగున్న ఇంజన్‌కు పోయిందన్న పేరొస్తుంది.

గుర్తుపట్టడం సులభం. ముందు పుల్లీ మధ్యభాగంలో ఉండే గాళ్లు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన పొడుగు కొస. ఇంజన్ నడుస్తుండగా పక్కనుంచి చూస్తే పుల్లీ ఊగడం కంటికే తెలుస్తుంది. ఊగుతుంటే వెంటనే ఆపేయండి. ఒక ఊరట, ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు.

గాడి కొద్దిగానే తిన్నట్టయితే కొస శుభ్రం చేసి, కొత్త కీ, కొత్త పుల్లీ, కొత్త బోల్ట్ వేసి, సందులో లాక్‌టైట్ 660 (లోహాల మధ్య గట్టిపడే జిగురు) నింపి, పూర్తిగా గట్టిపడేదాకా బండిని ముట్టుకోకుండా ఉంచాలి. ఇది పాత మియాటా యజమానుల్లో బాగా పాతుకుపోయిన మరమ్మతు, శ్రద్ధగా చేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. గాడి బాగా చెడితే క్రాంక్ మార్చాలి. క్రాంక్ మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి. అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

వేడెక్కుతోంది

రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంక్ నలుపు పోయి గోధుమరంగుకు తిరిగితే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. పగలకముందే మార్చేయండి. ఒకసారి బాగా వేడెక్కిన ఇంజన్ అయితే హెడ్ దించి, వంగిందేమో స్కేల్ పెట్టి చూడకుండా కొత్త గాస్కెట్ వేయొద్దు.

విప్పి కట్టాలా, వేరేది వేయాలా

కొలతలు అయ్యాక నేను చూసేది ఒక్కటే, తప్పు హెడ్‌లో ఉందా, బ్లాక్‌లో ఉందా? వాల్వులు, సీల్స్, గాస్కెట్, లిఫ్టర్లు, ఇవన్నీ హెడ్ పనులు. వాటి కోసం ఇంజన్ మార్చడం డబ్బు దండగ. రింగులు, బేరింగులు, క్రాంక్ పోతే అప్పుడు రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రీబిల్డ్ అంటే చాలామంది రింగులూ బేరింగులూ మార్చడమే అనుకుంటారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల పని దగ్గర నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది, పనిలో సగం లేత్ దగ్గరే ఉంటుందని. 1.6 బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 78 మిల్లీమీటర్లు. అది పైన ఎంత, కింద ఎంత, గుండ్రంగా ఉందా కోడిగుడ్డు ఆకారంలోకి తిరిగిందా కొలవాలి. అరిగిన బోర్‌లో కొత్త రింగులు వేస్తే కుదురుకోవు, ఆర్నెల్లకు మళ్లీ పొగే. బోర్ వేయిస్తే ఓవర్‌సైజ్ పిస్టన్లు, క్రాంక్ గ్రైండ్ చేయిస్తే దానికి తగ్గ బేరింగులు, హెడ్ ఫేసింగ్, వాల్వ్ పని, గాస్కెట్ సెట్, ఆయిల్ పంప్. అమెరికాలో మెషిన్ షాప్ కూలీ కలిపితే మామూలు పాత 1.6 ఇంజన్ ధరను ఎప్పుడో దాటేస్తుంది. సగం రీబిల్డ్ మాత్రం ఎవరికీ వద్దని చెబుతాను. చేస్తే పూర్తిగా చేయించాలి.

అలాగని సెకండ్ హ్యాండ్ ఇంజన్ గుడ్డిగా కొనేదీ కాదు. మీది ఎంత పాతదో అదీ అంతే పాతది. తక్కువ మైళ్లన్న మాట నమ్మడానికి కాగితం ఉండదు. నేల మీద ఉన్న ఇంజన్‌కు కూడా కంప్రెషన్ చూడొచ్చు. గేర్‌బాక్స్, సెల్ఫ్ మోటార్ తగిలించి ఉంటే బ్యాటరీ పెట్టి తిప్పడమే. అందుకు ఒప్పుకోని చోట నేను కొనను. ఆయిల్ మూత విప్పి లోపల మడ్డి చూస్తాను, క్రాంక్ పుల్లీ గాళ్లు లెక్కపెడతాను. తెచ్చాక బయట ఉండగానే ముందు వెనక సీల్స్, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, క్లచ్ మార్చేస్తాను. బండిలోకి ఎక్కాక అవే పనులకు మూడింతల శ్రమ.

మామూలుగా తిరిగే బండికి నా ఓటు ఇలా పరీక్షించిన ఇంజన్‌కే. రీబిల్డ్ చేయమని చెప్పేది రెండు సందర్భాల్లో. బండి మొదటి యజమాని నుంచి ఒరిజినల్‌గా వచ్చి, ఆ నంబర్ ఉన్న ఇంజన్‌తోనే ఉంచుకోవాలనుకుంటే ఒకటి. రేపు టర్బో పెట్టే ఆలోచన ఉండి, లోపల ఏముందో ప్రతి కొలతా తెలియాలనుకుంటే రెండోది.

1.6 తీసి 1994-97 మధ్య వచ్చిన 1.8 వేయడం మరో మంచి దారి. అదే కుటుంబపు ఇంజన్, పొట్టి క్రాంక్ గొడవ లేదు. పాత వైరింగ్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఉంచి కూడా నడుపుతారు, కాకపోతే పెట్రోల్-గాలి మిశ్రమం కొలిచి సరిచూసుకోవాలి. వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ 1.6 బండ్లలో చిన్నది, పవర్ పెంచుకుంటూ పోతే తర్వాత పోయేది అదే. హోండా కె24, వీ8 లాంటి వేరే పెద్ద ఇంజన్లు వేసినవాళ్లూ ఉన్నారు. అది ఇంజన్ మార్చడం కాదు, బండి మళ్లీ కట్టడం. ఒక్కటే బండి ఉన్నవాళ్లకు వద్దంటాను.

ఎక్కడ ఉంటున్నారన్నదీ చూడాలి. టెక్సస్‌లో పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లోనూ 24 ఏళ్లు దాటిన బండికి ఆ పరీక్ష ఉండదు. కాలిఫోర్నియాలో ఈ బండ్లన్నిటికీ ఉంటుంది. అక్కడ వేసే ఇంజన్ బండి మోడల్ ఏడాదిదో తర్వాతిదో అయి ఉండాలి, దాని ఎమిషన్ సామానంతా దానితోనే రావాలి, స్మాగ్ రెఫరీకి (ఇలాంటి మార్పులను తనిఖీ చేసే అధికారిక కేంద్రానికి) చూపించి ఆమోదం తీసుకోవాలి. బే ఏరియా మిత్రులు ఇంజన్ కొనకముందే ఇది చూసుకోండి.

మా వాడి బండికి కంప్రెషన్ నాలుగూ 170 పైనే వచ్చింది. గాడి మాత్రం లాక్‌టైట్‌తో నిలిచే స్థితిలో లేదు. 1994 నాటి 1.8 ఇంజన్ ఒకటి పరీక్షించి తెచ్చుకున్నాం, రెండు వారాంతాలు పట్టింది. ఆయిల్ నింపాక ప్లగ్గులు వేయకుండానే సెల్ఫ్ కొట్టించాను. ప్రెషర్ ముల్లు లేచేదాకా పది సెకన్లు కొట్టి, ఆపి, మళ్లీ పది సెకన్లు. మూడోసారికి ముల్లు కదిలింది. "ఇప్పుడు ప్లగ్గులు బిగించు" అన్నాను.