చెరువులో పచ్చ తెట్టు కడితే గేదెల్ని దించొద్దు

ఎండాకాలం సాగర్ కాలువకు నీళ్లు ఆపేశాక మా గుంటూరు వైపు చెరువుల్లో నీళ్లు కదలవు. పొలాల నుంచి దిగిన యూరియా, డీఏపీ, గట్టు మీది పేడ అంతా అందులోనే. పచ్చ తెట్టులా తేలుతూ ఒక్కోసారి విషం కూడా తయారుచేసే నీలి ఆకుపచ్చ నాచు పెరగడానికి ఇంకేం కావాలి? పాడి మీద బతికేవాళ్లం కాబట్టి మా ఇంట్లో చూసుకునే పద్ధతి చెబుతున్నా.

ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. తెట్టంతా ఆ ఒడ్డుకే చేరుతుంది, ఇవతల తేటగా ఉందని మోసపోవద్దు. కర్ర ముంచి తీస్తే దారాలు దారాలుగా వేలాడేది మామూలు పాచి. పెయింటు పూసినట్టు అంటుకుంటే అనుమానించాలి.

ఇంకాస్త తేల్చుకోవాలంటే గ్లౌజులు వేసుకుని, తెట్టుకు కాస్త కిందుగా, ఖాళీ హార్లిక్స్ సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టండి. రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి (కవర్లో చుట్టి పెట్టండి, లేకపోతే మా అత్తగారిలా ఇంట్లో ఎవరో ఒకరు గొడవ పెడతారు). తెల్లారేసరికి పచ్చదనం పైకి తేలితే చాలావరకు నీలి ఆకుపచ్చ నాచే. దాని కణాల్లో గాలి తిత్తులుంటాయి. విషం ఉందో లేదో మాత్రం ల్యాబే చెప్పాలి. అప్పటిదాకా ఉందనే లెక్క.

ఇక మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). "చల్లితే పోద్ది గదా" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నాచు చస్తుంది, నిజమే. కానీ కణాలు పగిలి లోపలి మైక్రోసిస్టిన్ అనే విషం నీళ్లలో కలుస్తుంది. నీళ్లు తేటపడతాయి, మనం ధైర్యంగా గేదెల్ని తోలుతాం! కాచినా ఆ విషం పోదు. జీవితాంతం తాగే నీటిలో లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. 2020లో బోట్స్వానాలో 300కు పైగా ఏనుగులు చచ్చిపోతే, నీటి గుంటల్లోని నీలి ఆకుపచ్చ నాచు విషమే కారణమని అక్కడి ప్రభుత్వం చెప్పింది.

గేదెలతో ఇంకో తంటా ఉంది. నీళ్లలో మునిగి పడుకుంటాయి, బయటికొచ్చి ఒళ్లు నాక్కుంటాయి. పొరపాటున దిగితే గట్టెక్కించగానే పొదుగుతో సహా బోరు నీళ్లతో కడగండి. వణికినా, తూలినా, చొంగ కార్చినా వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. దీనికి విరుగుడు లేదు, త్వరగా చూపించడమొక్కటే మన చేతిలో ఉంది.

తెట్టు మాయమైన మర్నాడే మళ్లీ దించొద్దు. విషం ఇంకొన్నాళ్లు నీళ్లలో ఉంటుంది. అప్పటిదాకా తొట్టిలో బోరు నీళ్లే పోయండి.