వైజాగ్‌లో మ్యాథ్స్ కాన్ఫరెన్స్‌కి పేపర్ పట్టుకెళ్తున్నారా? ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

ప్రాంతీయ స్థాయి మ్యాథ్స్ కాన్ఫరెన్స్ అంటే మామూలుగా రెండు రోజుల వ్యవహారం. మొదటి రోజు పొద్దున ప్రారంభ సభ, తర్వాత ఇన్వైటెడ్ టాకులు, భోజనాలయ్యాక నాలుగైదు గదుల్లో ప్యారలల్ సెషన్లు. రీసెర్చ్ స్కాలర్లు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు పేపర్ ప్రెజెంట్ చేసేది ఆ గదుల్లోనే. క్యాంపస్ ఏదైనా అక్కడ వచ్చే ఇబ్బందులు ఇంచుమించు అవే. పైకి కనిపించేది ఒకటి, అసలు కారణం మరొకటి. "ప్రొజెక్టర్ దెబ్బ కొట్టింది" అంటూ బయటికొచ్చే చాలామంది విషయంలో ప్రొజెక్టర్ బాగానే ఉంటుంది, చెప్పదలుచుకున్నదే గదికి మించిపోయి ఉంటుంది.

సమస్య: పదిహేను నిమిషాలన్నారు, ఏడు నిమిషాలకే ఛైర్ (సెషన్ నడిపే అధ్యక్షుడు) దగ్గర్నుంచి ముగించమని చీటీ వచ్చింది

పైకి కనిపించే కారణం ప్రారంభ సభ. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు. ఆ పైన జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, సావనీర్ ఆవిష్కరణ, వేదిక మీదున్న ప్రతి ఒక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో. అలా పోయిన గంటను ఎక్కడో ఒకచోట కోయాలి. దూరం నుంచి వచ్చిన ఇన్వైటెడ్ స్పీకర్ దగ్గర కోయలేరు. భోజనం దగ్గర కోస్తే ఎవరూ ఊరుకోరు. ఇక మిగిలింది మన సెషనే. నిర్వాహకుల్ని తిట్టుకుని లాభం లేదు, ఇది జరుగుతుందని ముందే తెలుసు.

అసలు కారణం స్లైడ్ల వరుస. టైటిల్, విషయసూచిక, ఆ రంగం చరిత్ర, అవసరమైన నిర్వచనాలు, పాత ఫలితాలు, ఆ తర్వాతెప్పుడో పందొమ్మిదో స్లైడ్‌లో మన సిద్ధాంతం. థీసిస్ అధ్యాయానికి ఆ వరుస సరిపోతుంది. టాక్‌లో అయితే చీటీ వచ్చేసరికి మనం ఇంకా ఎవరో ఎప్పుడో చేసినదాన్ని చెబుతూనే ఉంటాం.

ఏం చేయాలంటే, మీ ఫలితాన్ని రెండో స్లైడ్‌కి తెచ్చేయండి. పూర్తి కచ్చితమైన రూపం అక్కర్లేదు, "ఫలానా షరతు తీసేసినా ఇది నిలబడుతుందని చూపించాం" అంటే చాలు. కచ్చితమైన వాక్యం నిర్వచనాల తర్వాత చెప్పుకోవచ్చు. ఆ తర్వాత ఒకే టాక్‌ని మూడు కొలతల్లో పెట్టుకోండి: పదిహేను నిమిషాలది, పది నిమిషాలది, ఐదు నిమిషాలది. ఐదు నిమిషాల దాంట్లో ఉండాల్సింది సిద్ధాంతం, ఒక ఉదాహరణ, నిరూపణలో కీలకమైన ఎత్తుగడ ఏమిటో ఒక్క మాట, అంతే. ఏ కొలతలో ఏ స్లైడ్లు వదిలేయాలో నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పవర్‌పాయింట్ షో నడుస్తుండగా స్లైడ్ నంబర్ టైప్ చేసి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే పోతుంది. పది స్లైడ్లు టకటకా తిప్పుకుంటూ "ఇది వదిలేద్దాం, ఇదీ వదిలేద్దాం" అనే బాధ ఉండదు.

చీటీ రాగానే వేగం పెంచేవాళ్లున్నారు. అది మందు కాదు, రోగాన్ని పెంచడమే. "టైమ్ లేదు కాబట్టి" అని ప్రతి స్లైడ్‌కీ సంజాయిషీ ఇవ్వడం కూడా అంతే, ఉన్న టైమ్ దానికే పోతుంది.

సమస్య: మూడో స్లైడ్ దాటేసరికి గదిలో అందరి తలలూ ఫోన్లలోకి వంగాయి

భోజనం అయ్యాక పెట్టిన సెషన్, గదిలో ఉక్కపోత, నిద్రమత్తు. ఇవన్నీ నిజమే. కానీ అదే గదిలో, అదే గంటలో ఇంకొకరు చెప్పినప్పుడు తలలు లేస్తాయి కదా!

గదిలో ఎవరున్నారో చూడండి. తలుపు మీద "ఆల్జీబ్రా" అని అంటించి ఉంటుంది. లోపల గ్రాఫ్ థియరీ వాళ్లు, ఫజ్జీ సెట్స్ వాళ్లు, పక్క గది నిండిపోయి ఇటొచ్చిన ఫ్లూయిడ్ డైనమిక్స్ వాళ్లు, తమ వంతు కోసం ఎదురుచూస్తూ తమ స్లైడ్లే చూసుకుంటున్నవాళ్లు. మీ నిర్వచనాలు ముందే తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటే అదృష్టం.

ఇక్కడి సరుకుతోనే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆంధ్ర విశ్వవిద్యాలయ (ఏయూ) గణిత శాఖకు లాటిస్ థియరీలో పేరుంది. రెండు మూలకాలను కలిపి ఒక మూలకాన్నిచ్చే "మీట్", "జాయిన్" అనే రెండు క్రియలున్న సమితుల గురించిన బీజగణితం అది. యు.ఎం. స్వామి, జి.సి. రావు 1981లో "ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్" అనే భావనను ప్రవేశపెట్టారు. ఏడీఎల్ అని పిలుస్తారు, దాని మీద ఇప్పటికీ పేపర్లు వస్తూనే ఉన్నాయి. మీ పేపర్ కూడా దాని మీదే అనుకోండి. మామూలుగా ఏం చేస్తారు? నిర్వచనంలోని నియమాలన్నీ ఒకే స్లైడ్‌లో వరుసగా పేర్చి, ఒక్కోటీ చదువుతారు. మూడో నియమం దగ్గరే గది మీ చేతిలోంచి జారిపోతుంది.

దాని బదులు మూడే మూలకాలున్న సమితి తీసుకోండి: సున్న, ఎ, బి. నియమం ఒకటే. ఎడమవైపు ఉన్నది సున్న అయితే మీట్ సున్న, జాయిన్ కుడివైపుది. ఎడమవైపు ఉన్నది సున్న కాకపోతే మీట్ కుడివైపుది, జాయిన్ ఎడమవైపుది. బోర్డు మీద రెండు లైన్లు రాయండి (∧ అంటే మీట్):

ఎ ∧ బి = బి
బి ∧ ఎ = ఎ

రాసి ఒక్క క్షణం ఆగండి. స్థిత్యంతర ధర్మం (వరుస మార్చినా జవాబు మారకపోవడం) పోయిందని ఎవరూ చెప్పకుండానే అందరికీ కనిపిస్తుంది. మీట్‌ని జాయిన్ మీదకి పంచే విభాగ న్యాయం మాత్రం ఇంకా నిలబడే ఉంది, కావాలంటే మీరే సరిచూసుకోండి అనండి. ఫ్లూయిడ్ డైనమిక్స్ ఆయన కూడా పెన్ను తీస్తారు. "ఆల్మోస్ట్" అన్న మాట ఎందుకొచ్చిందో ఇప్పుడు గదికి అర్థమైంది. మీ సిద్ధాంతం ఈ మూడు మూలకాల దగ్గర ఏం చెబుతుందో చూపించి, ఆ తర్వాత సాధారణ రూపానికి వెళ్లండి. నియమాల పట్టిక చివర్లో బ్యాకప్ స్లైడ్‌గా ఉంటే సరిపోతుంది. ఎవరైనా అడిగితే తీయొచ్చు.

మీది అనాలిసిస్ కావచ్చు, నంబర్ థియరీ కావచ్చు, పద్ధతి మారదు. చేత్తో లెక్కగట్టగలిగే అతిచిన్న ఉదాహరణ ఏదో వెతకండి. అలాంటిది ఒక్కటీ దొరకలేదంటే స్లైడ్లు పక్కనపెట్టి పేపర్‌నే ఇంకోసారి చూసుకోవాలి.

సమస్య: ఛైర్ మీ టైటిల్ చదవలేక తడబడ్డారు

టైటిల్‌లో నాలుగు విశేషణాలు, రెండు గ్రీకు అక్షరాలు, మధ్యలో ఒక హైఫెన్. దీనికి భిన్నంగా ఒక పాత శీర్షిక చూడండి. వి. రామస్వామి ఇదే ఏయూలో గణితం చెప్పారు, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఆయన దగ్గర చదువుకున్నారు. రామస్వామి 1949లో ఒక పేపర్ ప్రచురించారు. ఇచ్చిన హద్దు లోపల, పెద్ద ప్రధాన భాజకాలేవీ లేని ధన పూర్ణసంఖ్యలు ఎన్ని అన్నది విషయం. శీర్షికలో ఉన్నదీ అదే, దేన్ని లెక్కపెడుతున్నారో సూటిగా చెప్పేశారు. అంత సూటిగా కుదరకపోతే కనీసం గట్టిగా చదివి చూసుకోండి. ఊపిరి అందకపోతే కోయండి.

సమస్య: ప్రొజెక్టర్ మీద "నో సిగ్నల్", లేదా ఫార్ములాల చోట డబ్బాలు

మీ కొత్త ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ, టైప్-సీ పోర్టులే ఉంటాయి. గదిలో టేబుల్ మీద వేలాడేది నీలం మూతి వీజీఏ కేబుల్. అడాప్టర్ మీ బ్యాగులో ఉండాలి, వాళ్ల దగ్గర ఉంటుందనుకోవద్దు. కేబుల్ కుదిరినా బొమ్మ రాకపోతే విండోస్ కీతో పాటు పీ నొక్కి "డూప్లికేట్" ఎంచుకోండి. చాలాసార్లు అంతటితో అయిపోతుంది.

డబ్బాల సంగతి వేరు. మీ ఫైల్ వాళ్ల కంప్యూటర్‌లో తెరిచినప్పుడు మీరు వాడిన ఫాంట్ అక్కడ లేకపోతే గుర్తులు మారిపోతాయి. పాత ఫైళ్లతో ఇంకో తంటా ఉంది. మైక్రోసాఫ్ట్ భద్రతా కారణాలతో పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0ని 2018 జనవరిలో తీసేసింది. అప్పట్లో దాంతో టైప్ చేసిన ఫార్ములాని ఆఖరి నిమిషంలో సరిచేద్దామంటే అది తెరుచుకోదు. రెండింటికీ విరుగుడు ఒకటే: ఇంట్లోనే పీడీఎఫ్ చేసుకుని, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్‌లో ఒకటి ఉంచుకోండి.

గణితం టైప్ చేసే లేటెక్‌లో, స్లైడ్ల కోసం బీమర్ ప్యాకేజీ వాడేవాళ్లకి ఫార్ములాల గొడవ లేదు కానీ ఆకారం గొడవ ఉంది. బీమర్ స్లైడ్ మామూలుగా 128 మిల్లీమీటర్ల వెడల్పు, 96 ఎత్తు, అంటే 4:3. పాత ప్రొజెక్టర్లకి అది అతికినట్టు సరిపోతుంది. కొత్తవాటికి 16:9 పెట్టుకోవచ్చు. గది ఏదో తెలియనప్పుడు 4:3 ఉంచడమే నయం, పక్కన నల్లగా మిగిలితే ఎవరికీ నష్టం లేదు. స్లైడ్‌లో పట్టడం లేదని అక్షరాలు చిన్నవి చేయకండి. పట్టకపోతే వాక్యాలు తీసేయాలి. లేత ఆకుపచ్చ, పసుపు రంగులు పగటి వెలుతురులో కనబడవు, కర్టెన్లు ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

సమస్య: మధ్యలో కరెంటు పోయింది

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్‌ని ఎలా కుదిపేసిందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. సెమినార్లు కూడా ఆ నెలల్లో జరుగుతుంటాయి. జనరేటర్ వెంటనే అందుకున్నా దీపం ఉన్న పాత ప్రొజెక్టర్ వెంటనే వెలగదు, చల్లారి మళ్లీ వేడెక్కాలి. ఆ ఖాళీలో నిలబడి సీలింగ్ ఫ్యాన్ వంక చూడకండి. తెర పైకెత్తండి, చాలా గదుల్లో బోర్డు దాని వెనకే ఉంటుంది. పైన చెప్పిన రెండు లైన్లు సుద్దతో రాయండి. బోర్డు తడిగుడ్డతో తుడవొద్దు, ఇక్కడి గాలిలో తేమకి అది తొందరగా ఆరదు, సుద్ద పట్టదు.

సమస్య: నోరు ఎండిపోయింది, బట్టీ పట్టిన ఇంగ్లీషు మధ్యలో తెగింది

టెన్షన్ అందరికీ ఉంటుంది, దాన్ని పోగొట్టే చిట్కాల జోలికి నేను వెళ్లను. తెగడానికి కారణం మొత్తం బట్టీ పట్టడమే. ఒక మాట జారితే తర్వాత మాట దొరకదు. మొదటి మూడు వాక్యాలు, సిద్ధాంతం వాక్యం, ఆఖరి వాక్యం ఇవి మాత్రం నోటికి రావాలి. మిగతాది స్లైడ్ చూస్తూ మీకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పండి. గుర్తులు పైకి ఎలా చదువుతారో మాత్రం ముందే అనుకుని చూడండి, చాలామంది నిజంగా తడబడేది అక్కడే. తెలుగులోకి మారిపోదామనిపిస్తే ఒక్కసారి గదిని చూడండి. బరంపురం నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చినవాళ్లు ఉండొచ్చు. ఛైర్‌ని అడిగి ప్రశ్నల దగ్గర తెలుగులో జవాబిస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

సమస్య: "దీనికి అప్లికేషన్ ఏంటమ్మా?"

ప్యూర్ మ్యాథ్స్ వాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. సాధారణంగా ముందు వరసలో కూర్చున్న పెద్దాయన అడుగుతారు, చెడ్డ ఉద్దేశంతో కాదు. తప్పు జవాబు ఏమిటంటే "క్రిప్టోగ్రఫీలో వాడతారు సార్" అని గాల్లోకి వదలడం. ఎలా అని ఆయన మళ్లీ అడిగితే అక్కడితో సరి. గణితంలోనే ఎక్కడ పనికొస్తుందో చెప్పండి: "దీనివల్ల ఫలానా రెండు ఫలితాలు ఒకే గొడుగు కిందకి వచ్చాయి సార్" అంటే అదే అప్లికేషన్. ఇంకా నొక్కితే, బూలియన్ ఆల్జీబ్రాని (అవును, కాదు అనే రెండు విలువల బీజగణితాన్ని) క్లాడ్ షానన్ 1937లో తన మాస్టర్స్ థీసిస్‌లో స్విచ్చింగ్ సర్క్యూట్లకు అన్వయించారనీ, అప్పటికి ఆ ఆల్జీబ్రా పుట్టి చాలా దశాబ్దాలైందనీ గుర్తు చేయొచ్చు. మర్యాదగా, నవ్వుతూ చెప్పండి, పాఠం చెబుతున్నట్టు కాదు.

"ఇందులో కొత్తేముంది?" అన్నది దీనికంటే కష్టమైన ప్రశ్న. దానికి జవాబు రెండో స్లైడ్‌లోనే ఉండి ఉంటే వెనక్కి వెళ్లి చూపిస్తే చాలు. లెమ్మాలో (సిద్ధాంతం కోసం ముందుగా నిరూపించే చిన్న ఫలితంలో) ఏదో షరతు వాడలేదని ఎవరైనా పట్టుకుంటే అక్కడికక్కడ వాదించకండి. "చూసి చెబుతాను సార్" అని రాసుకోండి, టీ దగ్గర ఆయన్ని వెతికి పట్టుకోండి. కాన్ఫరెన్స్‌కి వచ్చినందుకు దక్కే అసలు లాభం తరచుగా ఆ టీ కప్పు దగ్గరే ఉంటుంది.

సమస్య: మీ వంతు అయిపోయాక గదికి చేరారు

ఉత్తరాది వైపు వెళ్లే కొన్ని రైళ్లు విశాఖపట్నం స్టేషన్‌కి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి, ఎందుకంటే విశాఖలో ఇంజిన్ మార్చి వెనక్కి తిప్పాలి. టికెట్ కొనేటప్పుడే ఏ స్టేషన్‌లో దిగుతున్నారో చూసుకోండి, దువ్వాడ నుంచి ఊళ్లోకి చాలా దూరం. ఏయూలో అయితే సౌత్ క్యాంపసా, నార్త్ క్యాంపసా అని కన్వీనర్‌ని ముందురోజే అడిగి ఆటో ఎక్కండి. రుషికొండ వైపు వేదిక అయితే ఇంకో గంట ముందు బయల్దేరాలి.

సమస్య: సర్టిఫికెట్‌లో పేరు తప్పు

రిజిస్ట్రేషన్ ఫారంలో ఇంటిపేరు ముందు రాశారు, సర్వీస్ రికార్డులో వెనకుంది. "ప్రెజెంటెడ్" అని ఉండాల్సిన చోట "పార్టిసిపేటెడ్" అని కొట్టారు. ముగింపు సభ మొదలవకముందే డెస్క్ దగ్గరికెళ్లి చూసుకోండి. ఆ సభ అయ్యాక స్టాంపు పెట్టె ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.