కుట్టు కింద దారం ఉచ్చులు పడుతుంటే

జాకెట్టు పైనుంచి చూస్తే కుట్టు బాగానే ఉంది, తిప్పితే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. మా తొక్కుడు మిషన్‌కు వచ్చిన ఈ ఇబ్బందికి చాలామంది ముందు బాబిన్ కేసు (కింది దారం చుట్ట పెట్టే చిన్న డబ్బీ) స్క్రూ తిప్పేస్తారు. దాన్ని ముట్టుకోకండి. ఉచ్చులు కింద పడుతున్నాయంటే దాదాపు ఎప్పుడూ పైదారం వదులైనట్టే.

పైదారం మొత్తం తీసేసి, సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే ఫుట్‌ను పైకెత్తి మళ్ళీ ఎక్కించాను. అసలు కిటుకు ఇదే. ఫుట్ దించి ఉంటే పైదారాన్ని నొక్కి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళలు బిగుసుకుపోతాయి, దారం వాటి మధ్యకు దిగదు. ఎక్కించాక ఫుట్ దించి లాగితే దారం పట్టినట్టుండాలి. బిళ్ళల మధ్య పీచు ఇరుక్కున్నా పట్టు ఉండదు. గుడ్డ అంచు మడిచి అటూ ఇటూ లాగితే వచ్చేస్తుంది.

సూది కూడా మార్చాను. నూలు గుడ్డకు 14 నంబరు, పల్చటి పట్టుకు 11. సూదిలోకి దారం ఎక్కే వైపే పొడవాటి గాడి ఉండాలి.

అప్పటికీ తేడా ఉంటేనే బాబిన్ చూడండి. కేసును దారంతో వేలాడదీసి చిన్నగా కుదిపితే కాస్త జారి ఆగాలి. జర్రున జారిపోతే స్క్రూను పావు చుట్టు కంటే తక్కువే బిగించండి. పైన ఒక రంగు, కింద ఒక రంగు దారం వేసి పాత గుడ్డ మీద కుట్టి చూస్తే ఏది వదులో వెంటనే తెలుస్తుంది.