ఇంగ్లిష్ క్లాసులో ఫీడ్లు, బ్లాగు వాడే పద్ధతి

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు చాలామంది గ్రామర్ బిట్లు బాగానే పెడతారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటేనే కలం ఆగిపోతుంది. రోజూ కాస్త చదవాలి, వారానికోసారి ఎవరో చదువుతారని తెలిసి రాయాలి. మొదటి పనికి ఫీడ్, రెండోదానికి బ్లాగు.

ఫీడ్ అంటే ఒక సైటులో కొత్తగా వచ్చినవాటి జాబితా. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి రీడర్లు ఉచితంగానే దాన్ని తెచ్చి చూపిస్తాయి. సైటు చిరునామా ఇస్తే రీడరే ఫీడ్‌ను వెతుక్కుంటుంది. దొరకకపోతే, వర్డ్‌ప్రెస్ బ్లాగు చిరునామా చివర స్లాష్ పెట్టి ‘ఫీడ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి చూడండి.

మూడు ఫీడ్లు చాలు. ఇరవై పెడితే వారం తిరిగేసరికి చదవనివి వందల్లో పేరుకుపోయి పిల్లలు తెరవడమే మానేస్తారు. ఒకటి తెలుగు వార్తలది, ఒకటి అదే సంస్థ ఇంగ్లిష్ వార్తలది (బీబీసీకి రెండూ ఉన్నాయి), మూడోది క్రికెట్టో వంటో, పిల్లలు అడిగింది. సంగతి తెలుగులో ముందే తెలిసి ఉంటే ఇంగ్లిష్‌లో చదివేటప్పుడు ధ్యాస భాష మీద నిలుస్తుంది. ఫీడ్ ఖాయం చేసేముందు ఓ వ్యాసంలో వంద మాటలు లెక్కపెట్టి, క్లాసులో మధ్యరకం పిల్లవాడితో తెలియనివాటికి గీత గీయించండి. రెండు మూడైతే ఇంట్లో సొంతంగా చదువుకోగలడు. ఐదారైతే క్లాసులో మీరు పక్కనుండాలి. పది దాటితే ఆ ఫీడ్ తీసేయండి.

హెడ్‌లైన్లతో జాగ్రత్త. ‘రెయిన్ హాల్ట్స్ మ్యాచ్’ అంటే జరిగిపోయిన సంగతే, కానీ క్రియ వర్తమానంలో ఉంది, ‘ది’ లేదు. తెలుగులో అసలే ఆర్టికల్స్ లేవు కాబట్టి పిల్లలు దాన్నే సరైన వాక్యమనుకుంటారు. రోజుకు మూడు హెడ్‌లైన్లు తీసుకుని పూర్తి వాక్యాలుగా తిరగరాయించండి: ‘రెయిన్ హాల్టెడ్ ది మ్యాచ్’. పది నిమిషాల పని, ఫలితం మాత్రం గట్టిది.

బ్లాగు తలా ఒకటి వద్దు, క్లాసంతటికీ ఒక్కటే. గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగు సేవ ‘బ్లాగర్’లో దాన్ని ప్రైవేట్‌గా పెడితే ఫీడ్ పనిచేయదు. కొత్త టపాలు (బ్లాగులో పెట్టే రాతలు) రీడర్‌లోకి ఎందుకు రావట్లేదో తెలియక తికమక పడేది ఇక్కడే. దానికి బదులు సెర్చ్ ఇంజన్లకు కనిపించకుండా చేసే సెట్టింగు పెట్టి, వ్యాఖ్యలు మీరు చూశాకే కనిపించేలా ఉంచండి. పూర్తి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు వద్దు. 18 ఏళ్లలోపు వాళ్లుంటే తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకుని, టపాలు మీ ఖాతా నుంచే పెట్టండి.

టపా 120 నుంచి 150 మాటలు. ‘మా ఊరు’ అని ఇస్తే ఎక్కడిదో కాపీ వస్తుంది. కొండపల్లి బొమ్మ ఎలా తయారవుతుందో రాయమనండి: తెల్ల పొణికి కర్ర చెక్కడం, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో భాగాలు అతకడం, రంగులు వేయడం. పాసివ్ వాయిస్ తప్పనిసరిగా వాడాల్సి వస్తుంది. మిర్చి యార్డుకు వెళ్లొచ్చినవాళ్లు చూసింది రాస్తే పాస్ట్ టెన్స్. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఎదురుగా జరుగుతున్నది రాస్తే ప్రెజెంట్ కంటిన్యువస్. మొదటి ప్రతి క్లాసులోనే, చేత్తో, ఇరవై నిమిషాల్లో. ఇంటికి వదిలితే ఫోనులో అనువాదం చేసి తెస్తారు.

దిద్దేటప్పుడు వారానికి ఒకే రకం తప్పు పట్టండి. అన్నీ దిద్దితే మరుసటి వారం టపా సగానికి కుదించుకుపోతుంది. ఉదాహరణకు ‘హీ టోల్డ్ దట్ ఐ విల్ కమ్’. ‘తను వస్తానని చెప్పాడు’ అనే మన వాక్యంలో ‘వస్తాను’ అలాగే ఉండిపోతుంది. ఆ ‘నేను’ ఇంగ్లిష్‌లోకి కూడా వచ్చేస్తుంది. ఎర్రసిరా గీత కంటే ఆ కారణం బోర్డు మీద చూపించడమే మేలు.

ప్రతి ఒక్కరూ వారానికి ఇద్దరి టపాల కింద ఒక్కో ప్రశ్న అడగాలి. ‘సూపర్’, ‘నైస్’ లెక్కలోకి రావు. ప్రశ్నకు జవాబు రాయక తప్పదు, అది రెండో రాత. వ్యాఖ్యలకూ బ్లాగర్ విడిగా ఫీడ్ ఇస్తుంది. దాన్ని మీ రీడర్‌లో చేర్చుకుంటే ఎవరి ప్రశ్న జవాబు లేకుండా ఉండిపోయిందో ఒక్కచోటే తెలుస్తుంది.