అతిథికి నిద్రపట్టే గది – 4వ పాఠం: గాలి దారి, శబ్దం దారి

ఈ పాఠంలో వెలుతురు గురించి చెప్పవలసి ఉంది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను, ఎందుకంటే మూడో పాఠం చదివి గదులు మార్చినవారి దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాలకు ముందు సమాధానం చెప్పకపోతే మిగతా పాఠాలు పనికిరావు. గోడలు పగలంతా పట్టుకున్న ఎండను రాత్రి గదిలోకి వదులుతాయనీ, పడుకునే వేళకు గది చల్లబడాలంటే కింద ఒక దారి, పైన ఒక దారి ఉండి గాలి గది గుండా సాగాలనీ ఆ పాఠంలో చెప్పాను. నాగార్జునసాగర్, దేవరకొండ, కొల్లాపూర్ ప్రాంతాలలో కాటేజీలు నడిపేవారు కొందరు ఆ పని శ్రద్ధగా చేశారు, గదులు చల్లబడ్డాయి కూడా. అయితే ఇప్పుడు వారి అతిథులు పొద్దున్నే లేచి, పక్క గదివాళ్ల మాటలు రాత్రంతా వినిపించాయని చెప్పి వెళ్తున్నారు. ఉత్తరాలన్నీ వరుసగా పెట్టి చూస్తే కారణం ఒక్కటే: దాదాపు అందరూ పైదారిని ఉమ్మడి వరండా వైపు తెరిచారు. కొందరైతే రెండు గదుల నడిమి గోడకే సిమెంటు జాలీ పెట్టించారు.

గాలి పోగలిగిన ప్రతి సందు నుంచీ శబ్దం పోతుంది. అందువల్ల వెంటిలేటరు ఎంత పెద్దది అనే ప్రశ్న కన్నా, అది ఎటు చూస్తోంది అనే ప్రశ్న ముందు రావాలి. నడిమి గోడకు జాలీ పెట్టినవారు ఈ వారమే దాన్ని ఇటుకతో మూసి రెండు వైపులా గిలాబు చేయించండి, అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు.

వరండా వైపు తెరిచినవారు మాత్రం ఒక లెక్క చూడాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా గిలాబు ఉంటే, రమారమి 50 డెసిబెల్‌ల (డెసిబెల్ అంటే శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) శబ్దాన్ని ఆపుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న అలాంటి గోడ వైశాల్యం వంద చదరపు అడుగులు. అందులో రెండడుగుల వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉన్న వెంటిలేటరు తెరిస్తే గోడలో రెండు శాతం ఖాళీ అయినట్టు. ఆ రెండు శాతం వల్ల మొత్తం గోడ ఆపే శబ్దం 50 నుంచి 17 డెసిబెల్‌లకు పడిపోతుంది. వరండాలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే అక్కడ దాదాపు 60 డెసిబెల్‌లు ఉంటుంది కాబట్టి, లోపల మంచం మీద ఉన్నవారికి 43 వినిపిస్తుంది. వెంటిలేటరును సగానికి తగ్గిస్తే మేలు జరుగుతుందని కొందరు రాశారు. సగానికి తగ్గిస్తే గోడ 20 ఆపుతుంది, పావుకు తగ్గిస్తే 23. గాలి మూడు వంతులు పోగొట్టుకుని ఆరు డెసిబెల్‌లు సంపాదించడం మంచి బేరం కాదు. మిగిలిన గోడ ఎంత మందంగా ఉన్నా, ఎంత మంచి రాయితో కట్టినా, ఈ లెక్క మారదు.

మా గది అడవిలో ఉంది, చుట్టూ శబ్దమే లేదు, ఈ లెక్కలు పట్నపు లాడ్జీలకు కదా అని మన్ననూరు వైపు నుంచి ఒకరు రాశారు. నిజానికి నిశ్శబ్దంగా ఉన్న చోటే ఈ పని కష్టం. హైదరాబాదులో రోడ్డు పక్కన గదిలో రాత్రి కూడా ఎడతెగని రొద ఉంటుంది, పక్క గది దగ్గు అందులో కలిసిపోతుంది. నల్లమల అంచున, గాలి కూడా ఆడని రాత్రి, గది లోపలి శబ్దం 25 డెసిబెల్‌ల దగ్గరికి దిగుతుంది, అప్పుడు పక్క గదిలో గొళ్లెం తీసిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తుంది. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్‌లు దాటరాదనీ, ఉండి ఉండి వచ్చే ఒక్కొక్క శబ్దం 45 దాటరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. చుట్టూ ఉన్న నిశ్శబ్దంతో పోల్చినప్పుడు ఒక శబ్దం ఎంత పైకి లేస్తుందన్న దాన్ని బట్టే చాలావరకు మెలకువ వస్తుంది.

దీనికి తోడు మన అతిథి ఒకటి రెండు రాత్రులే ఉంటాడు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొత్త చోట నిద్రపోయేవారి మెదడును పరిశీలించి, మొదటి రాత్రి గాఢనిద్రలో ఎడమ భాగం కుడి భాగం కన్నా పలచగా నిద్రపోతుందనీ, కాపలా ఉన్నట్టు శబ్దాలకు ఎక్కువగా స్పందిస్తుందనీ కనుగొన్నారు. అదే చోట మరోసారి పడుకున్నప్పుడు ఆ తేడా కనిపించలేదు. ఇంట్లో వాళ్లు అలవాటుపడే శబ్దానికి అలవాటుపడే అవకాశం లాడ్జీలో దిగినవారికి ఉండదు, కాబట్టి మీరు గదిని మొదటి రాత్రి కోసమే తయారు చేయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయానికి వస్తాను. శబ్దం వస్తోందని తెలియగానే చాలామంది చేసిన పని బజారుకు పోయి మందపాటి పరదాలు కొనడం. మరికొందరు గోడకు స్పాంజి పలకలు అంటించారు. ఒకరు కోడిగుడ్ల అట్టలు వరుసగా మేకులతో కొట్టి, వాటికి రంగు వేయించి, ఫొటో పంపారు. వీటిలో ఏదీ పక్క గది శబ్దాన్ని ఆపదు. గది లోపల పుట్టిన శబ్దం గోడలకు తగిలి మళ్లీ మళ్లీ మోగకుండా పీల్చుకోవడం ఒక పని, బయట పుట్టిన శబ్దం లోపలికి రాకుండా అడ్డుకోవడం వేరొక పని. మొదటి పనికి మెత్తని, గాలి దూరే సరుకు కావాలి. రెండో పనికి బరువైన, గాలి దూరని సరుకు కావాలి. పాటలు రికార్డు చేసే గదిలో స్పాంజి చూసి, అది బయటి శబ్దాన్ని ఆపుతోందని అనుకుంటారు. అక్కడ బయటి శబ్దాన్ని ఆపేది స్పాంజి వెనుక ఉన్న బరువైన గోడ, సందు లేకుండా మూసుకునే తలుపు. స్పాంజి పాడేవారి గొంతు మారుమోగకుండా చూస్తుంది, అంతే.

ఏ సరుకైనా కొనే ముందు దాన్ని నోటికి ఆనించి ఊదండి. అవతలికి ఊపిరి పోతే శబ్దం కూడా పోతుంది. పరదా గుడ్డ నుంచి ఊపిరి పోతుంది, స్పాంజి నుంచి పోతుంది, వెదురు చాప నుంచి పోతుంది. గుడ్ల అట్ట నుంచి ఊపిరి పోకపోయినా దానికి బరువు లేదు, బరువు లేనిదాన్ని శబ్దం తనతో పాటు ఊపేస్తుంది. గోడ బరువు రెట్టింపు చేస్తే ఐదారు డెసిబెల్‌ల మేలు జరుగుతుంది; ఆ లెక్కన, చదరపు మీటరుకు నాలుగు వందల కిలోలున్న ఇటుక గోడ పక్కన అట్ట ఏం చేయగలదో మీరే చూడండి. పైగా పడకగదిలో పరుపు, దిండ్లు, దుప్పట్లు ఇప్పటికే పీల్చే పనిని చాలావరకు చేస్తున్నాయి. లోపల పీల్చుకునే సరుకును ఇంకా రెట్టింపు చేసినా తగ్గేది మూడు డెసిబెల్‌లే, అది చెవికి సరిగా తెలియను కూడా తెలియదు. స్పాంజితో ఇంకో ప్రమాదం ఉంది: నిప్పంటుకుంటే త్వరగా మండి విషపు పొగ వదులుతుంది. నిద్రపోతున్న మనిషి చుట్టూ అలాంటి సరుకు అంటించకూడదు. అంటించినవారు దయచేసి తీసేయండి. పరదాలు ఉండనివ్వండి, వచ్చే పాఠంలో వెలుతురుకు పనికొస్తాయి.

నడిమి గోడ ఎక్కడి దాకా లేచిందో కూడా చూడండి. రేకుల కప్పు, పెంకుల కప్పు ఉన్న కాటేజీలలో సుతారి మేస్త్రీ గోడను ఫాల్స్ సీలింగు ఎత్తు వరకే కట్టి ఆపేస్తాడు. శబ్దం ఒక గది సీలింగు గుండా పైకెక్కి గోడ మీదుగా పక్క గదిలోకి దిగుతుంది. గోడ కప్పుకు తగలాలి, తగిలిన చోట సిమెంటు నింపాలి.

తలుపు సంగతి. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న తలుపు కింద అర అంగుళం సందు ఉంటే, అది తలుపు వైశాల్యంలో 0.6 శాతం. ఎంత బరువైన టేకు తలుపైనా అప్పుడు 22 డెసిబెల్‌లకు మించి ఆపలేదు. అడుగున చిల్లున్న కుండకు అంచు ఎత్తు పెంచినట్టే అవుతుంది. మన పాత ఇళ్లలో ప్రతి దర్వాజాకూ కడప ఉండేది, తలుపు రెక్క దానికి ఆని మూసుకునేది. ఇప్పుడు పడకగదులకు కడప పెట్టడం మానేశారు, ఆ సందు అలా వచ్చిందే. నా మాట వింటే ముప్పావు అంగుళం ఎత్తున గ్రానైటు పట్టీని కడపగా వేసి, రెక్క ఆనే చోట రబ్బరు పట్టీ అంటించండి. పెద్దవాళ్లకు తగలకుండా అంచును గుండ్రంగా చెక్కించి, రంగు నేలకు భిన్నంగా ఉండేలా చూడండి. రెక్క అడుగున బ్రష్షులు బిగించే పద్ధతి కూడా ఉంది కాని, మన దుమ్ముకు అవి త్వరగా పాడవుతాయి.

మరి గాలి ఎలా రావాలి? రెండు దారులున్నాయి. మొదటిది, తెరుచుకునే చోటును మనుషులు తిరగని వైపుకు మార్చడం. సోమశిలలో కృష్ణ వైపు చూసే గోడ, సాగర్‌లో జలాశయం వైపు చూసే గోడ దీనికి తగినవి. వానాకాలంలో డ్యాము గేట్లు ఎత్తినప్పుడు వచ్చే హోరు ఆ వైపు నుంచే వినిపించవచ్చు, అయినా హెచ్చుతగ్గులు లేని హోరు నిద్రను అంతగా చెరపదు. రెండోది, వరండా వైపు తప్ప వేరే దారి లేనప్పుడు, గాలిని వంపు తిప్పి తేవడం. గోడకు లోపలి వైపు, నేల నుంచి కప్పు దాకా అలమారులా ఒక పెట్టె కట్టి, బయటి రంధ్రం పైన, లోపలి రంధ్రం కింద పెట్టండి. పెట్టె లోపలి ముఖాలకు రెండంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) పలకలు నూలుగుడ్డ చుట్టి బిగించండి. గాలి మలుపు తిరిగి వస్తుంది, శబ్దం ఆ మలుపులలో పలకలకు తగిలి అరిగిపోతుంది. స్పాంజిని కాదన్న నేను ఇక్కడ రాక్‌వూల్ ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ కావలసింది పీల్చే పనే, పైగా రాక్‌వూల్ మండదు. పెట్టెకు గది వైపు కనిపించే పలక మాత్రం బరువుగా, సిమెంటు బోర్డు రెండు పొరలుగా ఉండాలి. దోమల జాలీ గాలిని తగ్గిస్తుంది కాబట్టి రంధ్రాలను మామూలు వెంటిలేటరు కన్నా పెద్దవిగా పెట్టండి.

ఫ్యాను రెగ్యులేటరు గుండ్రంగా ఎంతకైనా తిరిగే ఎలక్ట్రానిక్ రకం అయితే తక్కువ వేగంలో ఫ్యాను గుంయ్ అంటుంది, మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం అంత అనదు. ఇన్వర్టరు సైన్ వేవ్ రకమే కొనండి, లేకుంటే కరెంటు పోగానే ఫ్యాను మూలుగు మొదలవుతుంది. నీళ్ల మోటారును గది గోడకు ఆనించి పెట్టకండి, రాత్రి పది దాటాక ట్యాంకు నింపకండి.

స్థలం ఇంకా ఎంచుకోనివారికి ఒక మాట. హైదరాబాదు–విజయవాడ రోడ్డు, బెంగళూరు రోడ్డు రాత్రంతా నడుస్తాయి, అక్కడ పడకగది రోడ్డుకు వెనుకవైపు ఉండి, ముందు స్నానాల గది, సామాను గది అడ్డుగా ఉండాలి. శ్రీశైలం రోడ్డు వేరు: పులుల అభయారణ్యం కారణంగా మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లను ఆపుతారు, కాబట్టి అక్కడ అర్ధరాత్రి కన్నా ఆరు గంటలకు గేటు తెరిచినప్పటి హారన్లనే చూసుకోవాలి. గుడి మైకులు, పెళ్లి బాజాల విషయంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లను సాధారణంగా నిషేధిస్తాయి. ఊరివాళ్లతో ముందే మర్యాదగా మాట్లాడుకుంటే ఆ నియమం చూపించవలసిన అవసరం చాలాసార్లు రాదు.

అభ్యాసం. వచ్చే పాఠం లోగా మీ ప్రతి గదిలో మీరే ఒక రాత్రి పడుకోవాలి, పనివాడిని పడుకోబెట్టడం లెక్కలోకి రాదు. ముందుగా చీకటి పడ్డాక పక్క గదిలో బలమైన టార్చి వెలిగించి, మీ గదిలో లైట్లన్నీ ఆర్పి, వెలుగు చొరబడిన ప్రతి చోటునూ సుద్దతో గుర్తు పెట్టండి. ఆ తరువాత వెలిగించిన అగరుబత్తిని తలుపు చుట్టూ, కిటికీ చట్రం చుట్టూ, స్విచ్చు బోర్డుల దగ్గర నెమ్మదిగా తిప్పి, పొగ వంగిన చోట్లు కూడా గుర్తు పెట్టండి. రెండు గదుల స్విచ్చు బోర్డులు గోడకు అటూ ఇటూ ఒకే చోట ఉంటే అక్కడ గోడ దాదాపు లేనట్టే. పక్క గదిలో ఒకరిని మామూలు గొంతుతో పత్రిక చదవమని చెప్పి, ఎన్ని మాటలు అర్థమవుతున్నాయో రాసుకోండి. పడుకున్నాక మెలకువ వచ్చిన ప్రతిసారీ సమయం, శబ్దం, అది వచ్చిన దిక్కు ఒక కాగితం మీద రాయండి. గదికి ఒక కాగితం చొప్పున, గది పటంతో సహా, వచ్చే పాఠం చదివేటప్పుడు మీ ముందు ఉండాలి, ఎందుకంటే పరదాలు ఏ గోడకు వేయాలో, ఏ కిటికీని శాశ్వతంగా మూయాలో ఆ కాగితాలను చూసే నిర్ణయిస్తాం.