ట్రాలీకి ఎంత లావు స్టబ్బు వెయ్యాలి?

ఇరుసు చివర బేరింగులు, హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) ఎక్కే గుండ్రటి కడ్డీయే స్టబ్బు. లోడుతో వెళ్తున్న ట్రాలీకి చక్రం హబ్బుతో సహా ఊడిపోయిందంటే బేరింగు కాలిపోయైనా ఉండాలి, స్టబ్బు మొదట్లో విరిగైనా ఉండాలి. బేరింగుదైతే ముందే కూత పెడుతుంది, హబ్బు వేడెక్కుతుంది. స్టబ్బు మాత్రం చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకే సైజు ఎంచుకునేటప్పుడు బేరింగు నంబరు దగ్గర మొదలెట్టకండి, బరువు దగ్గర మొదలెట్టండి.

ముందు ఇరుసు మీద నిజంగా పడే బరువు తెలియాలి. నాగావళిలోనో వంశధారలోనో ఎత్తిన ఇసుక వంద ఘనపుటడుగులు పొడిగా ఉంటే సుమారు నాలుగున్నర టన్నులు. అదే నీళ్లు కారుతుండగా ఎత్తితే 5 టన్నులు దాటుతుంది. టెక్కలి వైపు గ్రానైట్ రాయి అయితే ఘనపు మీటరుకి దాదాపు 2.7 టన్నులు. తొట్టి సగం కూడా నిండినట్టు కనిపించదు గానీ ఇరుసు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. కంటితో అంచనా వెయ్యకుండా కాటాకి తీసుకెళ్లండి. ట్రాక్టరుని కాటా దాటించి, హిచ్చు (ట్రాక్టరుకి ట్రాలీ తగిలించే చోటు) ఊడదియ్యకుండా, ట్రాలీ చక్రాలు మాత్రం కాటా మీద ఉండేలా ఆపితే వచ్చే అంకె ఇరుసు మీద బరువు. రెండు చక్రాల ట్రాలీలో కొంత బరువు హిచ్చు మీదకి పోతుంది కాబట్టి ఇది మొత్తం బరువు కన్నా తక్కువే ఉంటుంది.

ఇక లెక్క. ఒకే ఇరుసున్న ట్రాలీ, లోడు 5 టన్నులు, ట్రాలీ సొంత బరువు టన్నున్నర అనుకుందాం. హిచ్చు మీదకి పోయింది తీసేస్తే ఇరుసు మీద 5,700 కిలోలు, అంటే చక్రానికి 2,850. ఇప్పుడు టైరు వెడల్పు మధ్య నుంచి స్టబ్బు మొదలు దాకా, అంటే లావు భాగం సన్నబడే మెట్టు దాకా దూరం కొలవండి. అది 8 సెంటీమీటర్లు ఉందనుకుంటే, 2,850ని 8తో గుణిస్తే 22,800. దీన్ని స్టబ్బు వ్యాసం (సెంటీమీటర్లలో) ఘనంలో పదో వంతుతో భాగిస్తే, ఆ మొదట్లో చదరపు సెంటీమీటరుకి ఎన్ని కిలోల ఒత్తిడి పడుతుందో తెలుస్తుంది.

50 మి.మీ. స్టబ్బుకి 5 ఘనం 125, పదో వంతు 12.5. ఒత్తిడి 1,824. 60కి 1,056. 65కి 830. 70కి 665. ఇవన్నీ బండి కదలకుండా నిలబడినప్పటివి. మన ట్రాలీల్లో చాలావాటికి కమాను పట్టీలు ఉండవు. గోతిలో దిగితే ఆ దెబ్బ నేరుగా ఇరుసుకే తగులుతుంది. అందుకని రెండున్నర రెట్లు వేసుకోవాలి. అప్పుడు 50కి 4,560, 60కి 2,640, 65కి 2,075, 70కి 1,660. మామూలు మైల్డ్ స్టీలు 2,500 దగ్గర వంగడం మొదలెడుతుంది. నార్మలైజ్ చేసిన (కాల్చి గాలిలో చల్లార్చిన) ఈఎన్8, అంటే కార్బన్ కాస్త ఎక్కువున్న గట్టి స్టీలు అయితే 2,800 దాకా ఓర్చుకుంటుంది. ఈ లోడుకి 50 పనికిరాదని, 60 అంచు మీద ఉందని, 65 ఈఎన్8 సరిపోతుందని తేలిపోయింది. రోజూ క్వారీ గతుకుల్లోనే తిరిగే బండికి 70 వేసుకోవడం మంచిది. 50 నుంచి 60కి వెళ్తే లావు పెరిగేది ఐదో వంతే, బలం మాత్రం 73 శాతం పెరుగుతుంది. పది మిల్లీమీటర్ల ఇనుము దగ్గర పీనాసితనం ఎందుకో అర్థం కాదు.

ఆ 8 సెంటీమీటర్ల దూరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చెరకు ఎత్తుగా పేర్చినప్పుడు బండి ఒరిగిపోకుండా కొందరు రిమ్ము తిరగేసి బిగిస్తారు, చక్రాలు ఎడంగా జరుగుతాయని. బండి నిలకడగానే ఉంటుంది. కానీ దూరం 8 నుంచి 13కి పోతే స్టబ్బు మీద భారం 60 శాతం పైగా పెరుగుతుంది. పైన సరిపోయిన 65 కూడా అప్పుడు చాలదు. ఎత్తు లోడుతో మలుపు తిరిగితే బయటి చక్రం మీద బరువు ఇంకా పెరుగుతుంది, రోడ్డు టైరుని పక్కకి తోస్తుంది. రిమ్ము తిరగేసే ఉద్దేశం ఉంటే ఆ దూరంతోనే లెక్క కట్టండి.

సైజు తేలాక బేరింగు సంగతి. లోపలి బేరింగు నంబరులో చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే దాని రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుంది: 30213కి 65, 32212కి 60. పాత స్టబ్బు మారుస్తుంటే వెర్నియర్‌తో ఐదు చోట్ల కొలవండి: లోపలి బేరింగు కూర్చునే చోటు, బయటి బేరింగు చోటు, సీలు చోటు, మరలు, మెట్టు నుంచి మరల దాకా పొడవు. టేపుతో కొలిస్తే మిల్లీమీటరు తేడా తెలీదు. బేరింగు చేత్తో తోస్తే జారి కూర్చోవాలి, కానీ ఊగకూడదు. వదులుగా ఉంటే పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేసే అలవాటు ఉంది. ఆ చుక్కలు పది రోజుల్లో అణిగిపోయి రేసు (బేరింగు లోపలి రింగు) స్టబ్బు మీద మళ్లీ తిరగడం మొదలెడుతుంది, పైగా ప్రతి చుక్కా ఒక పగులుకి విత్తనం. అరిగిన చోట వెల్డింగు నింపి లేత్ పట్టించడం కూడా భారీ లోడు బండికి వద్దు.

మెట్టు మూల ఎలా ఉందో వేలు పెట్టి చూడండి. గోరు దిగేంత పదునైన మూల ఉంటే అది తీసుకోవద్దు. అక్కడ చిన్న గుండ్రటి వంపు ఉండాలి, అయితే బేరింగు లోపలి అంచు వంపు కన్నా చిన్నదిగా, లేకపోతే బేరింగు మెట్టుకి ఆనదు. విరిగిన పాత స్టబ్బు దొరికితే ముక్క తిప్పి చూడండి. ఒక పక్క నునుపుగా, తుప్పు రంగులో, ఇసుక మీద అల పోయాక మిగిలిన గీతల్లాంటి చారలతో ఉంటుంది. మిగతాది గరుకుగా, మెరుస్తూ ఉంటుంది. ఆ నునుపు భాగం ఎన్నాళ్ల నుంచో కొద్దికొద్దిగా పగులుతూ వచ్చింది, మెరిసేది మాత్రం ఆఖరి రోజున తెగింది. నునుపు భాగం పెద్దదిగా, మెరిసేది చిన్నదిగా ఉంటే సాధారణంగా తప్పు మూలదో వెల్డింగుదో. మెరిసేదే ఎక్కువుంటే బరువుకి సైజు చాలలేదు.

చదరపు కడ్డీ ఇరుసు చివరనే లేత్ పట్టించిన స్టబ్బు అన్నిటికన్నా నమ్మకం, అందులో అతుకే ఉండదు. పైపు ఇరుసులో విడి స్టబ్బు పెట్టాల్సి వస్తే, వ్యాసానికి కనీసం రెండింతలు పొడవు లోపలికి దిగాలి. ఈఎన్8ని చల్లగా వెల్డింగు చేస్తే అతుకు పక్కనే గట్టిపడి పగులుతుంది. ముందు రెండు వందల డిగ్రీల దాకా వేడి చేసి, ఆరబెట్టిన 7018 రకం వెల్డింగు రాడ్డుతో చేసి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. నీళ్లు చల్లకూడదు. మెట్టు దగ్గరికి మాత్రం వెల్డింగు తేవద్దు.

బిగించేటప్పుడు బేరింగు రోలర్ల సందుల్లోకి లిథియం గ్రీజు చేత్తో కూరాలి. హబ్బులో మూడో వంతు నిండితే చాలు, కూరి కూరి నింపితే వేడెక్కి సీలుని తోసేస్తుంది. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, బరువుగా తిరిగేసరికి ఆపి, పావు తిప్పు లోపు వదులు చేసి పిన్ను వెయ్యండి. పాత పిన్ను మళ్లీ వాడొద్దు. 50 కిలోమీటర్లు తిరిగాక జాకీ ఎత్తి ఊపి చూడండి.

ఏట్లో దిగే బండికి ఇంకో జాగ్రత్త కావాలి. దూరం నుంచి వచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది. ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందులోంచి నీళ్లు లాగుతుంది. వారానికోసారి మూత తీసి చూస్తే, గ్రీజు పాలు కలిపినట్టు తెల్లగా కనిపించిన రోజున హబ్బు విప్పి, కడిగి, సీలు మార్చాలి.